చర్మమనే గడప – ఎమల్జెల్ అనే మందు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మనిషి దేహంలో అన్నిటికన్నా పెద్ద అవయవం ఏది అని అడిగితే మనలో చాలామంది కాలేయం అనో, ఊపిరితిత్తులు అనో చెబుతాం. నిజానికి చర్మమే పెద్దది. పెద్దవాళ్ల ఒంటి మీది చర్మాన్ని విప్పి పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు వస్తుంది. ఇంచుమించు ఒక మనిషి పడుకునే చాపంత. ఈ చాప బయటి నీటిని లోపలికి రానివ్వదు, లోపలి నీటిని బయటికి పోనివ్వదు. పొద్దంతా మోకాలి లోతు మడిలో నిలబడి నాట్లు వేసినా ఆ నీళ్లు మన రక్తంలో కలవవు. మరి ఇంత కట్టుదిట్టమైన కాపలా ఉన్నచోట, నొప్పికి పైన రాసిన మందు లోపలికి ఎలా పోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు మనం తరగతిలో చదువుకున్న కొల్లాయిడ్ల పాఠంలోనే ఉంది. ఎమల్షన్ అంటే ఏమిటి, జెల్ అంటే ఏమిటి అని నిర్వచనాలు కంఠస్థం చేసి పరీక్ష రాసేశాం. ఆ రెంటినీ కలిపి తయారు చేసిన మందు ప్రతి మందుల షాపులోనూ ట్యూబుల్లో దొరుకుతోంది. దాన్నే ఎమల్జెల్ అంటారు. అందులో ఎక్కువమందికి తెలిసినది డైక్లోఫెనాక్ ఎమల్జెల్. ఆ ఒక్క ట్యూబును పట్టుకుని మన పాఠాన్ని మళ్లీ ఒకసారి చదువుకుందామని ఈ వ్యాసం.

నేను ఈ విషయం ఎంచుకోవడానికి ఇంటి కారణం కూడా ఉంది. మాది వ్యవసాయ కుటుంబం. మిరప, పత్తి వేస్తాం. మా నాయనకు మోకాళ్ల కీళ్లు అరిగాయి. నొప్పి మాత్ర పరగడుపున మింగి చేలోకి పోవడం ఆయనకు చాలాకాలం అలవాటు. చివరికి కడుపులో మంట పట్టుకుంటే డాక్టరుగారు మాత్ర మానిపించి, రాసుకునే మందు ఇచ్చారు. "పైన రాసింది లోపలికి ఎట్లా పోద్దిరా? కాలేజీలో చదువుతున్నావుగా, చెప్పు" అన్నాడు నాయన. ఆయనకు చెప్పినదాన్నే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

గడప ఎలా కట్టి ఉంది?

చర్మం మొత్తం కాపలా కాయదు. కాపలా అంతా అన్నిటికన్నా పైన ఉండే ఒక పలచని పొరది. దాన్ని స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. దాని మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. తలవెంట్రుక మందంలో నాలుగో వంతు అనుకోవచ్చు. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం చాలా మందంగా ఉంటుంది. ఇందులో ఉన్నవన్నీ చచ్చిపోయి చదునైన కణాలే. ఇవి పది పదిహేను వరసలుగా, కొన్నిచోట్ల ఇరవై దాకా, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి.

దీన్ని ఇటుక గోడతో పోలుస్తారు శాస్త్రజ్ఞులు. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సిమెంటు బదులు కొవ్వు పదార్థాలు ఉంటాయి: సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. కాబట్టి ఈ గోడ దాటాలనుకున్న అణువు ఎక్కువగా ఈ కొవ్వు సందుల్లోంచే మెలికలు తిరుగుతూ దిగాలి. చెమట గ్రంథుల దారి, వెంట్రుక కుదుళ్ల దారి కూడా ఉన్నాయి గాని, చర్మం మొత్తం వైశాల్యంలో వాటి వాటా చాలా తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. గోడలో ఉన్నది కొవ్వు, కాబట్టి నూనెలో కరిగే అణువుకే ప్రవేశం సులభం. కానీ గోడ దాటిన తర్వాత ఉన్నది బతికున్న కణాల తడి ప్రపంచం. నూనెలో మాత్రమే కరిగే అణువు గోడలోనే ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. నీటిలో మాత్రమే కరిగేది గోడ దగ్గరే ఆగిపోతుంది. రెంటిలోనూ కొంత కొంత కరిగే అణువే గడప దాటగలదు. దానికి తోడు అణువు చిన్నదై ఉండాలి. అణుభారం 500 దాటితే చర్మం గుండా పోవడం కష్టం అని 2000 సంవత్సరంలో బాస్, మైనార్డీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పారు. నికోటిన్ అణుభారం 162, అది దాటుతుంది. ఇన్సులిన్ అణుభారం 5800 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే చక్కెర వ్యాధికి ఇన్సులిన్ లేపనం లేదు, సూదిమందే దిక్కు.

కాలువ లెక్క

గడప దాటే వేగానికి ఒక లెక్క ఉంది. 1855లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వ్యాపన నియమం చెప్పాడు. పదార్థం గాఢత ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. గాఢతల తేడా ఎంత ఎక్కువైతే అంత వేగంగా పోతుంది. మధ్యలో ఉన్న అడ్డు ఎంత మందమైతే అంత నెమ్మదిగా పోతుంది.

రైతుబిడ్డకు ఇది కొత్త సంగతి కాదు. ఎగువ కాలువలో నీటి మట్టానికి, మన చేలో మట్టానికి తేడా ఎక్కువ ఉంటే నీరు ఉరకలు వేస్తుంది. తూము పొడవైనదై, సన్నదై ఉంటే నెమ్మదిస్తుంది. చర్మం విషయంలో గాఢతల తేడా నీటి మట్టం లాంటిది. స్ట్రాటమ్ కార్నియమ్ మందం తూము పొడవు లాంటిది. మందు చర్మపు కొవ్వులో ఎంత ఇష్టంగా కలుస్తుందన్నది తూము వెడల్పు లాంటిది.

కాబట్టి చర్మం మీద మందు తయారు చేసేవాడి ముందు మూడు పనులున్నాయి. మొదటిది, మందును చర్మానికి ఆనుకుని మంచి గాఢతలో ఉంచాలి. రెండవది, లోపలికి పోయినదాని స్థానంలో కొత్త మందు వచ్చి చేరేట్టు చూడాలి. మూడవది, ఇటుకల మధ్య ఉన్న కొవ్వును కాస్త వదులు చెయ్యాలి. ఈ మూడు పనులూ ఒకేసారి చేయించడానికి వచ్చినదే ఎమల్జెల్.

పాలు, వెన్న, ఎమల్షన్

ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాల్లో ఒకటి సన్నని బిందువులుగా రెండోదానిలో చెదిరి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. పొద్దున్నే మనం తాగే పాలు ఎమల్షనే. నీటిలో కొవ్వు బిందువులు తేలుతుంటాయి. వెన్నలో ఇది తిరగబడుతుంది. కొవ్వులో నీటి బిందువులు చిక్కుకుని ఉంటాయి. అమ్మ కవ్వంతో చిలికినప్పుడు జరిగేది ఇదే. మన పుస్తకంలో ప్రావస్థల తారుమారు అని పెద్ద పేరుతో ఉన్నది అదే.

నూనె, నీరు కలిపి సీసాలో ఎంత కుదిపినా కాసేపటికి విడిపోతాయి. విడిపోకుండా ఉండాలంటే మధ్యవర్తి కావాలి. దాన్నే ఎమల్సీకరణి అంటాం. దాని అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, ఒక కొస నూనెను కోరుతుంది. అది నూనె బిందువు చుట్టూ కంచెలా నిలబడి, ఒక బిందువు ఇంకో బిందువుతో కలవకుండా చూస్తుంది. పాలలో ఆ పని ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు చేస్తాయి. మందుల తయారీలో ట్వీన్ 80, స్పాన్ 80 లాంటివి ఎక్కువగా వాడతారు.

ఏ నూనెకు ఏ మధ్యవర్తి సరిపోతాడు? 1949లో గ్రిఫిన్ అనే ఆయన దీనికొక కొలమానం ఇచ్చాడు. దాని పేరు హెచ్.ఎల్.బి. సంఖ్య. తక్కువ సంఖ్య ఉంటే నూనె వైపు మొగ్గు, ఎక్కువ ఉంటే నీటి వైపు మొగ్గు. స్పాన్ 80 సంఖ్య 4.3, ట్వీన్ 80 సంఖ్య 15. లిక్విడ్ పారఫిన్‌ను నీటిలో చెదరగొట్టడానికి సుమారు 12 కావాలి. రెంటినీ ఏ పాళ్లలో కలిపితే 12 వస్తుంది? ఇది పదో తరగతి బీజగణితమే. ట్వీన్ భాగం ఎక్స్ అనుకుంటే, 15 ఎక్స్ + 4.3 (1 – ఎక్స్) = 12. అంటే 10.7 ఎక్స్ = 7.7. ఎక్స్ = 0.72. నూటికి 72 పాళ్లు ట్వీన్, 28 పాళ్లు స్పాన్. అంతే.

తయారైనది నీటిలో నూనెనా, నూనెలో నీరా అని తెలుసుకోవడం మన ప్రయోగశాలలో ఎవరైనా చెయ్యగల పని. ఒక చుక్క తీసి నీటిలో వెయ్యండి. పాలలా కలిసిపోతే నీటిలో నూనె. నూనె చుక్కలా ముద్దగా నిలిచిపోతే నూనెలో నీరు. లేదా మిథిలీన్ బ్లూ కలిపి సూక్ష్మదర్శినిలో చూడండి. అది నీటిలో కరిగే రంగు కాబట్టి ఏ భాగం నీలం అయితే అదే నీరు.

అయితే ఎమల్షన్‌కు ఒక జబ్బు ఉంది. నిలవ ఉంచితే మీగడ కడుతుంది. 1851 నాటి స్టోక్స్ సూత్రం ప్రకారం బిందువు పైకి తేలే వేగం దాని వ్యాసార్థం వర్గానికి అనులోమంగా, చుట్టూ ఉన్న ద్రవం స్నిగ్ధతకు విలోమంగా ఉంటుంది. బిందువు సైజు సగం చేస్తే వేగం నాలుగో వంతవుతుంది. స్నిగ్ధత వెయ్యి రెట్లు పెంచితే వేగం వెయ్యో వంతుకు పడిపోతుంది. అంటే చుట్టూ ఉన్న నీటిని చిక్కబరిస్తే బిందువులు ఉన్నచోటే ఉండిపోతాయి. ఇక్కడే జెల్ రంగంలోకి దిగుతుంది.

సబ్జా గింజలు, బెండ జిగురు, జెల్

ఎండాకాలం సబ్జా గింజలు నీళ్లలో వేస్తే ఒక్కో గింజ చుట్టూ తెల్లని మెత్తని పొర ఉబ్బుతుంది కదా. పొడవాటి గొలుసు అణువులు నీటిని తమలో పట్టి ఉంచడం వల్ల అలా ఉబ్బుతుంది. బెండకాయ జిగురు, తుమ్మజిగురు కూడా ఈ కులం పదార్థాలే. కొద్దిపాటి ఘనపదార్థం అల్లికలో ఎక్కువ నీరు చిక్కుకుని, ముద్దలా నిలిచే పదార్థమే జెల్.

ఎమల్జెల్‌లో సాధారణంగా వాడే గొలుసు పదార్థం కార్బోమర్. ఇది అడ్డబంధాలు గల పాలీ ఎక్రిలిక్ ఆమ్లం. నీటిలో నానబెట్టినప్పుడు ఇది ఆమ్ల గుణంతో ఉంటుంది, పి.హెచ్. 3 దగ్గర ఉంటుంది. అప్పుడు గొలుసులు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, ద్రవం పలచగానే ఉంటుంది. అందులో ట్రైఇథనోలమీన్ లాంటి క్షారం చుక్క చుక్కగా వేస్తే ఆమ్ల సమూహాలు రుణావేశం పొందుతాయి. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చుట్టలు విప్పుకుంటాయి. కళ్లముందే ద్రవం గట్టిపడి నిగనిగలాడే జెల్ అవుతుంది. నూటికి ఒక పాలు కార్బోమర్ చాలు.

ఈ జెల్‌లో రెండు విశేషాలు ఉన్నాయి. ఒకటి, ట్యూబులో కదలకుండా నిలిచే జెల్ వేలితో రుద్దగానే పలచబడుతుంది. గొలుసులు రాపిడి దిశలో సర్దుకోవడమే కారణం. రెండు, ఉప్పు తగిలితే జెల్ నీరుగారిపోతుంది. ఉప్పులోని అయాన్లు గొలుసు మీది ఆవేశాన్ని కప్పేస్తాయి కాబట్టి మళ్లీ చుట్టలు చుట్టుకుంటాయి. మన చర్మం మీద చెమట ఉప్పు ఉండనే ఉంది. అందుకే రాసిన జెల్ చర్మం తగలగానే కరిగినట్టు పరుచుకుంటుంది. ఈ రెండో విశేషాన్ని చిటికెడు ఉప్పుతో మీరే పరీక్షించి చూడవచ్చు.

ఇద్దరూ కలిస్తే

ఆయింటుమెంటు జిడ్డుగా ఉంటుంది, బట్టలకు అంటుకుంటుంది. ఒట్టి జెల్ చల్లగా, శుభ్రంగా ఉంటుంది గాని నూనెలో కరిగే మందులను మోయలేదు, అందులో ఉన్నది నీరు కాబట్టి. ఒట్టి ఎమల్షన్ మోస్తుంది గాని నిలవ ఉండదు, ఒంటి మీద నిలవక కారిపోతుంది. ఈ మూడింటి మంచీ తీసుకుని చెడు వదిలెయ్యడమే ఎమల్జెల్ ఉద్దేశం. ముందు మందును నూనె భాగంలో కరిగిస్తారు. దాన్ని ఎమల్సీకరణితో నీటిలో బిందువులుగా చెదరగొడతారు. ఆ తర్వాత ఆ నీటినే జెల్‌గా మారుస్తారు. బిందువులు వలలో చేపల్లా ఎక్కడివక్కడ చిక్కుతాయి.

చర్మం మీద రాశాక ఏమవుతుందో చూద్దాం. నీటి భాగంలో కరిగి ఉన్న కొద్దిపాటి మందు ముందు చర్మంలోకి దిగుతుంది. దాంతో నీటిలో గాఢత తగ్గుతుంది. వెంటనే నూనె బిందువుల్లోంచి కొంత మందు నీటిలోకి వస్తుంది. అది మళ్లీ చర్మంలోకి దిగుతుంది. చెరువు నుంచి కాలువకు, కాలువ నుంచి చేలోకి నీరు వచ్చినట్టే. బిందువు చెరువు, జెల్ కాలువ, చర్మం చేను.

దీనికి తోడు డైక్లోఫెనాక్ ఎమల్జెల్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ప్రొపైలీన్ గ్లైకాల్ కూడా ఉంటాయి. ఆల్కహాల్ ఆవిరైపోతూ చల్లదనం ఇస్తుంది. అది ఆవిరవుతున్నకొద్దీ మిగిలిన మందు గాఢత పెరుగుతుంది. ఫిక్ నియమం గుర్తుందిగా, గాఢత పెరిగితే వేగం పెరుగుతుంది. ప్రొపైలీన్ గ్లైకాల్ గోడలోని కొవ్వు సందులను వదులు చేసి దారి సుగమం చేస్తుంది.

డైక్లోఫెనాక్ లెక్క

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సీబా-గైగీ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆల్ఫ్రెడ్ సాల్‌మన్, రుడాల్ఫ్ ఫిస్టర్ తయారు చేసిన డైక్లోఫెనాక్ 1970 దశకంలో వాడుకలోకి వచ్చింది. దెబ్బ తగిలిన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై నొప్పి, వాపు కలిగిస్తాయి. ఆస్పిరిన్ వంటి మందులు వాటి తయారీనే అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకడు. డైక్లోఫెనాక్ కూడా ఆ పనే చేస్తుంది. అయితే అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడుతుంటాయి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేట్టు చూస్తుంటాయి. మాత్ర మింగితే నొప్పితోబాటు ఈ కాపలా కూడా పోతుంది. ఏళ్ల తరబడి మింగేవాళ్లకు కడుపులో పుండు పడడం, మూత్రపిండాలు దెబ్బతినడం ఇందువల్లనే.

ట్యూబు మీద 1.16 శాతం డైక్లోఫెనాక్ డైఇథైలమీన్ అని ఉంటుంది. ఈ విచిత్రమైన సంఖ్య ఎక్కడిది? డైఇథైలమీన్ లవణం అణుభారం 369. సోడియం లవణం అణుభారం 318. 1.16ను 369తో భాగించి 318తో గుణిస్తే సరిగ్గా 1 వస్తుంది. అంటే 1 శాతం సోడియం లవణంలో ఎంత డైక్లోఫెనాక్ ఉంటుందో ఇందులోనూ అంతే ఉందన్నమాట. లవణం మార్చినా అసలు మందు మార్చలేదు. మోల్ భావన ఎందుకు చదవాలి అని అడిగే జూనియర్ మిత్రులకు ఈ ట్యూబు చూపించండి. అణుభారం 500 లోపే ఉందన్న సంగతీ గమనించండి.

ఇక అసలు లాభం ఏమిటంటే: 1 శాతం డైక్లోఫెనాక్ సోడియం జెల్‌ను ఒక మోకాలికి 4 గ్రాముల చొప్పున రోజుకు 4 సార్లు రాసినవారిలో రక్తంలోకి చేరిన మందు, 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు 3 సార్లు మింగినవారితో పోలిస్తే సుమారు 6 శాతం మాత్రమే. నొప్పి ఉన్న చోట మందు నిలుస్తుంది, కడుపుకూ మూత్రపిండాలకూ చేరేది బాగా తగ్గుతుంది. మా నాయన కడుపు మంట సంగతి ఈ ఒక్క సంఖ్యలో ఉంది.

ఎంత పని చేస్తుంది?

విజ్ఞానశాస్త్రం చదివేవాళ్లం కాబట్టి మందును పొగడడంతో ఆగకూడదు. అనేక పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సమీక్షలు చూస్తే, బెణుకులు, కండరాల పట్లు వంటి కొత్త దెబ్బలకు డైక్లోఫెనాక్ ఎమల్జెల్ రాసినవారిలో నూటికి 78 మందికి మంచి ఉపశమనం కలిగింది. మందు లేని జెల్ రాసినవారిలో 20 మందికే కలిగింది. ఇది చాలా పెద్ద తేడా. కానీ పాతబడిన కీళ్ల అరుగుదలకు, 6 నుంచి 12 వారాలు రాస్తే, మందు రాసినవారిలో నూటికి 60 మందికి, ఒట్టి జెల్ రాసినవారిలో 50 మందికి ఉపశమనం కలిగింది. అంటే పదిమంది రాసుకుంటే మందు వల్లనే బాగుపడేది ఒకరు.

ఒట్టి జెల్‌తో సగం మంది ఎలా బాగుపడ్డారు? నొప్పి తనంతట తాను ఎక్కువ తక్కువ అవుతుంటుంది. రుద్దడం వల్ల కొంత హాయి. మందు రాసుకున్నామన్న నమ్మకం కొంత. దీన్ని బట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మందు పని చేస్తుందనడం నిజం. అరిగిన కీలును అది తిరిగి తెస్తుందనుకోవడం భ్రమ. నాయనకు ఈ రెండో మాట చెప్పడం నాకు కష్టమైంది గాని, చెప్పాను. బరువు మోసే పని తగ్గించుకోవడం, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం చెయ్యడం మందుతో సమానంగా అవసరమని డాక్టరుగారు కూడా అన్నారు.

రాబందుల సంగతి

ఈ మందుకు మనిషితో సంబంధం లేని కథ ఇంకొకటి ఉంది. అది మన పశువుల కొట్టం నుంచి మొదలవుతుంది. కుంటే ఎద్దుకూ, జ్వరం వచ్చిన గేదెకూ డైక్లోఫెనాక్ సూదిమందు విరివిగా వేసేవారు. ఆ పశువు చనిపోతే కళేబరాన్ని రాబందులు తినేవి. అందులో మిగిలిన కొద్దిపాటి మందుకే రాబందుల మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోయేవి. ఈ కారణాన్ని 2004లో పాకిస్తాన్‌లో పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుల బృందం బయటపెట్టింది. మన దేశంలో 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. 2006లో పశువులకు ఈ మందు వాడకాన్ని భారత ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం తయారు చేసే పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని గమనించి 2015లో సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని ఆంక్ష పెట్టింది. రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ పశువులకు ఉండనే ఉంది.

మా ఊరి చివర దిబ్బ మీద రాబందులు వాలేవని తాత చెప్పేవాడు. నేను పుట్టి పెరిగిన ఇరవై ఏళ్లలో ఒక్కటీ చూడలేదు. ఒకే అణువు, ఒకచోట మందు, ఒకచోట విషం. ఇంట్లో మిగిలిన మనుషుల మందు పశువుకు వెయ్యకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అదే గడప, వేరే అతిథి

ఇప్పటిదాకా చదివినదంతా ఒకసారి మననం చేసుకోండి. చిన్న అణువు కావాలి. అది కొవ్వులో కరగాలి. దానికి ద్రావణి ఉండాలి, ఎమల్సీకరణి ఉండాలి. గాఢత ఎక్కువ ఉండాలి. చర్మం తడిగా, మూసినట్టు ఉండాలి. ఇవన్నీ కుదిరితే గడప దాటడం సులభం.

మిత్రులారా, ఇవన్నీ కుదిరిన డబ్బా ఒకటి ప్రతి రైతు ఇంట్లోనూ ఉంది. పురుగుమందు డబ్బా మీద పేరు పక్కన ఇ.సి. అనే అక్షరాలు చూసే ఉంటారు. నూనె లాంటి ద్రావణిలో విషాన్ని కరిగించి, ఎమల్సీకరణి కలిపిన మందు అని దానర్థం. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడుతుంది. అంటే అది ఎమల్షనే. మోకాలి మందు చేసేవాళ్లు గడప దాటించడానికి ఏ హంగులు కష్టపడి కూర్చారో, ఆ హంగులు పురుగుమందుకు అయాచితంగా వచ్చి చేరాయి. చర్మానికి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. లెక్క కుదిరితే లోపలికి రానిస్తుంది.

దీనికి కొలతలు కూడా ఉన్నాయి. 1971లో మైబాక్, ఫెల్డ్‌మన్ తదితరులు పారాథియాన్ అనే పురుగుమందును కొద్ది మోతాదులో మనుషుల ఒంటి మీద వేర్వేరు చోట్ల ఉంచి ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేతి మీద 8.6 శాతం. అరచేతిలో 11.8 శాతం. నెత్తి మీద 32 శాతం. నుదుటి మీద 36 శాతం. చంకలో 64 శాతం. వృషణాల చర్మం మీద దాదాపు మొత్తం. అరచేయి మందంగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదనుకోవడం తప్పని ఈ లెక్క చెబుతోంది. వీపు మీది ట్యాంకు మూత దగ్గర కారుతూ చొక్కా, పంచె తడిసిపోయిన మనిషి ఒంటి మీద ఆ మందు ఎక్కడెక్కడికి జారుతుందో ఊహించుకోండి. తడిసిన బట్ట ఒంటికి అంటుకుంటే అది మందు మీద వేసిన కట్టుతో సమానం.

ఇంకొక లెక్క. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు కలిపితే 500 రెట్లు పలచబడింది. ఫిక్ నియమం ప్రకారం, డబ్బాలోని చిక్కటి మందు చేతి మీద పడితే దాన్ని లోపలికి తోసే బలం ట్యాంకులో కలిపిన నీటితో పోలిస్తే ఇంచుమించు 500 రెట్లు. కాబట్టి పిచికారీ కన్నా డబ్బా మూత విప్పి మందు కొలిచి కలిపే ఆ రెండు నిమిషాలే ఎక్కువ ప్రమాదం. మన ఊళ్లలో ఆ పని ఒట్టి చేతులతో, ఒక్కోసారి పుల్ల కూడా లేకుండా చేత్తోనే కలిపేస్తారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్లెవరూ మందు తాగలేదు. గాలి ద్వారా, చర్మం ద్వారా లోపలికి పోయిందే.

చెయ్యవలసినవి

మోకాలి మందు వాడేవాళ్లకు: పుండు, గీత, కళ్ల దగ్గర రాయకూడదు. ఒకసారికి 2 నుంచి 4 గ్రాములు, అంటే రేగుపండంత, చాలు. రాసిన చోట బిగుతుగా కట్టు కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. అప్పుడు అవసరానికి మించి లోపలికి పోతుంది. రాశాక చేతులు కడుక్కోవాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడరాదు. ఇదే మందు మాత్రగా కూడా మింగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పురుగుమందు వాడేవాళ్లకు: కలిపేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు, పొడవాటి పుల్ల తప్పనిసరి. కారే ట్యాంకును బాగు చేయించే దాకా వీపుకెత్తుకోకూడదు. తడిసిన చొక్కా సాయంత్రం దాకా ఉంచుకోకూడదు. వెంటనే విప్పి, సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడుక్కోవాలి. మందు చర్మం మీద ఎంతసేపు ఉంటే అంత లోపలికి పోతుంది. విపరీతంగా చెమట, నోట్లో లాలాజలం, కళ్లు మసక, కండరాలు అదరడం కనిపిస్తే మందు డబ్బాను వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకు విరుగుడు ఇవ్వడం సులభమవుతుంది.

రెండు వేల రూపాయల మందు చల్లడానికి వెనుకాడని మనం వంద రూపాయల తొడుగులకు వెనుకాడుతున్నాం. సెలవులకు ఇంటికి వెళ్లే మిత్రులు ఈసారి ఒక జత తొడుగులు కొనుక్కుని వెళ్లండి. ఫిక్ నియమం, స్టోక్స్ సూత్రం, హెచ్.ఎల్.బి. సంఖ్య పరీక్షలో మనకు మార్కులు తెస్తాయి. మన చేలో పనిచేసేవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగితే అంతకన్నా విలువైనవి తెస్తాయి. చదివిన చదువు ఊరికి చేరవలసిన దారి అదే.